కాగితం కింది చమురు

థార్ ఎడారిలో తన సగం వాటాను ఓ అంతర్జాతీయ దిగ్గజం 72.5 లక్షల డాలర్లకు వదిలించుకుంది. దాన్ని కొన్న చిన్న కంపెనీకి రెండేళ్లు తిరక్కుండానే చమురు పడింది. ఇంకో ఏడేళ్లకు ఆ కంపెనీ భారతీయ శాఖ కోసం వేరొకరు 867 కోట్ల డాలర్లు పోశారు. కోనసీమ తీరంలో నిలదొక్కుకుని, బార్మేర్ ఇసుకలో ఎదిగి, వేదాంత చేతిలోకి వెళ్లిన కెయిర్న్ ఇండియా కథ ఇది. ఇందులో చమురుతో పాటు చాలా సిరా కూడా ఉంది.

2010 ఆగస్టు 16న ఓ ప్రకటన వెలువడింది. ఎడిన్‌బరో కేంద్రంగా నడిచే కెయిర్న్ ఎనర్జీ తన భారతీయ సంస్థ కెయిర్న్ ఇండియాలో అధిక వాటాను వేదాంత రిసోర్సెస్‌కు అమ్మబోతోందన్నది దాని సారాంశం. బేరం విలువ గరిష్ఠంగా 960 కోట్ల డాలర్లు. వేదాంత అధిపతి అనిల్ అగర్వాల్ పట్నాలో పుట్టి, పాత ఇనుప సామాన్ల వ్యాపారంతో మొదలై, బాల్కో, హిందుస్థాన్ జింక్, సెసా గోవాలను ఒక్కొక్కటిగా చేజిక్కించుకున్న మనిషి. రాగి, జింకు, అల్యూమినియం, ఇనుప ఖనిజం... అన్నీ చేశాడు గానీ చమురు వ్యాపారం మాత్రం ఆయనకు కొత్త.

దేశంలో అంతవరకూ జరిగిన పెద్ద కొనుగోళ్లలో ఇదొకటి కావడంతో పత్రికలన్నీ అంకెల మీదే పడ్డాయి. అసలు ప్రశ్న వేరే ఉంది. ఇంత డబ్బు పోసి వేదాంత కొన్నదేమిటి? నేల కింది చమురు కెయిర్న్ సొత్తు కాదు. మన దేశంలో అది ఏ కంపెనీ సొత్తూ కాదు. కంపెనీకి ఉండేది తవ్వుకునే హక్కు. ఆ హక్కు ఓ ఒప్పందంలో ఉంటుంది, దానికో గడువుంటుంది, షరతులుంటాయి. చేతులు మారింది ఆ కాగితమే. ఆ తర్వాత పుట్టిన తగువులన్నీ, పన్ను నుంచి కోర్టు కేసుల దాకా, ఆ కాగితాల్లో ఏముందన్న దగ్గరే మొదలయ్యాయి.

రగ్బీ ఆటగాడి కంపెనీ

కెయిర్న్ ఎనర్జీని నిలబెట్టిన బిల్ గామెల్ స్కాట్లాండ్ జాతీయ జట్టుకు రగ్బీ ఆడాడు. ఎడిన్‌బరోలోని ఫెట్టెస్ కాలేజీలో టోనీ బ్లెయిర్‌తో కలిసి చదువుకున్నాడు. అమెరికాలోని బుష్ కుటుంబంతో ఆయన తండ్రికి చమురు పెట్టుబడుల నాటి స్నేహం. ఇన్ని పరిచయాలున్నా 1980ల్లో ఆయన పెట్టిన కంపెనీ మాత్రం చిన్నదే. 1988లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కినా పెద్ద కంపెనీల మధ్య దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చిన్న కంపెనీ పెద్దవాళ్లతో పోటీపడి ఉత్తర సముద్రంలోనో గల్ఫ్‌లోనో నెగ్గలేదు. పెద్దలు చిన్నచూపు చూసిన చోటికే వెళ్లాలి. గామెల్ దక్షిణాసియాను ఎంచుకున్నాడు. బంగ్లాదేశ్ తీరంలో 1996లో సంగు గ్యాస్ క్షేత్రాన్ని కనుగొన్న కెయిర్న్, 1998 నుంచి గ్యాస్ తీసింది. ఆ 1996లోనే భారత్‌లోనూ కాలుపెట్టింది. అందుకు అది ఎక్కిన మెట్టు మన కోనసీమలో ఉంది.

కోనసీమ తీరంలో తొలి పాఠం

అమలాపురం దాటి సముద్రం వైపు వెళితే ఉప్పలగుప్తం మండలంలో ఎస్.యానాం వస్తుంది. ఆ తీరానికి ఎదురుగా, లోతు తక్కువ నీళ్లలో రవ్వ క్షేత్రం ఉంది. దాన్ని 1987లో కనుగొన్నది ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ. కానీ పూర్తిస్థాయిలో అభివృద్ధి చేసేలోపే 1991 విదేశీ మారక సంక్షోభం ముంచుకొచ్చింది. దిగుమతి చమురుకు డాలర్లు లేవు, దేశంలో చమురు తీయడానికి పెట్టుబడి లేదు. దాంతో ఓఎన్‌జీసీ కనుగొన్న కొన్ని క్షేత్రాల్లోకి ప్రైవేటు కంపెనీలను పిలవాలని కేంద్రం నిర్ణయించింది. అలా 1994 అక్టోబరులో రవ్వపై ఉత్పత్తి పంపక ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 శాతం, ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియంకు 22.5 శాతం, మిగిలిన 12.5 శాతం రవ్వ ఆయిల్ అనే సింగపూర్ కంపెనీకి. క్షేత్రాన్ని నడిపే బాధ్యత కమాండ్‌ది.

1996లో కెయిర్న్ ఏకంగా కమాండ్‌నే కొనేసింది. అలా చేతికొచ్చింది పావు కంటే తక్కువ వాటాయే. కానీ దాంతోపాటు నిర్వాహక బాధ్యత కూడా వచ్చింది. చమురు రంగంలో విలువంతా అక్కడే ఉంటుంది. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతుకు వెళ్లాలో, ఏ కాంట్రాక్టరును పిలవాలో నిర్ణయించేది నిర్వాహకుడే. సముద్రంలో మనుషులు ఉండని వేదికలు నిలబెట్టి, అక్కడి నుంచి అడుగున గొట్టాలు పరిచి, ఎస్.యానాం టెర్మినల్లో చమురు, గ్యాసు, నీరు వేరుచేసే ఏర్పాటు చేశారు. మొదట్లో రోజుకు నాలుగు వేల పీపాలైనా రాని చోట ఉత్పత్తి యాభై వేల పీపాలకు చేరింది. ఏళ్ల తరబడి ఆ స్థాయిలోనే నిలిచింది.

ఈ ఒప్పందాల తీరు తెలియాలంటే పల్లెలో కౌలును తలచుకుంటే చాలు. భూమి ఆసామిది, పెట్టుబడి కౌలుదారుది. పంట పోతే నష్టం కౌలుదారుదే. పండితే ముందు పెట్టిన ఖర్చు తీసేసుకుని, మిగిలినది ఇద్దరూ పంచుకోవాలి. చమురులో ఆసామి ప్రభుత్వం. తేడా ఏమిటంటే ఇక్కడ పంట పాతికేళ్లు వస్తుంది, ఖర్చు వేల కోట్లు. అందుకే ఏది ఖర్చు, ఏది కాదన్న తగువు ఎప్పటికీ తెగదు. రవ్వ అభివృద్ధికి అయిన ఖర్చులో ఎంత తీసుకోవచ్చన్న వివాదం కౌలాలంపూర్ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ దాకా పోయింది. 2011లో అక్కడ కంపెనీలు నెగ్గాయి. ఆ తీర్పు ఇక్కడ అమలవుతుందని మన సుప్రీంకోర్టు తేల్చేసరికి 2020 సెప్టెంబరు వచ్చింది. ఒప్పందం కుదిరి అప్పటికి పాతికేళ్లు దాటింది.

కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ లోతు జలాల్లోనూ కెయిర్న్ ఓ బ్లాకు దక్కించుకుంది. 98/2గా పిలిచే ఆ బ్లాకులో 90 శాతం వాటాను 2005లో ఓఎన్‌జీసీకి అమ్మేసింది. తర్వాత పూర్తిగా తప్పుకుంది. కాకినాడకు ఎదురుగా ఉన్న ఆ బ్లాకులో ఓఎన్‌జీసీ తొలి చమురు తీసింది 2024 జనవరిలో. అంతకాలం ఎదురుచూసే ఓపిక, డబ్బు ఎడిన్‌బరో కంపెనీకి ఉండేవి కావు. కనుక్కోవడం, విలువ పెంచడం, తగిన సమయంలో అమ్మేయడం... దాని పద్ధతే అది.

షెల్ వదిలేసిన ఇసుక

రాజస్థాన్ పశ్చిమాన, పాకిస్థాన్ సరిహద్దుకు చేరువలో ఉంటుంది బార్మేర్. అక్కడి బ్లాకుకు 1995 మేలో ఒప్పందం కుదిరింది షెల్‌తో. అప్పట్లో ప్రభుత్వం విదేశీ కంపెనీలను బతిమాలుకుని పిలుస్తోంది. వాళ్లను ఆకర్షించడానికి ఒప్పందంలో ఓ వెసులుబాటు పెట్టింది. లైసెన్సు ఓఎన్‌జీసీ పేరిట ఉంటుంది కాబట్టి రాయల్టీ మొత్తం అదే కడుతుంది. వాణిజ్యపరంగా చమురు పడితే ఓఎన్‌జీసీ 30 శాతం వాటా తీసుకోవచ్చు. అంటే వాటా ముప్పై, రాయల్టీ నూరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా, పడని చమురుకు రాయల్టీ ఎవరు కడితే ఏమిటిలే అనుకుని ఉంటారు. ఆ వాక్యం పదహారేళ్ల తర్వాత కేంద్ర మంత్రివర్గం దాకా వెళ్లింది.

షెల్ వెతికింది, ఆశించినంత దొరకలేదు. కెయిర్న్ మొదట కొంత వాటాతో చేరింది. 2002లో షెల్ దగ్గర మిగిలిన సగం వాటాను 72.5 లక్షల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాతా బావి వెనక బావి తవ్వుతూనే పోయింది. చిన్నాచితకా నిక్షేపాలు పడ్డాయి గానీ ఖర్చుకు తగ్గ చమురు కాదు. ఎడిన్‌బరోలో అన్వేషణ విభాగం చూసే మైక్ వాట్స్ బృందం మాత్రం ఆ బేసిన్ మీద నమ్మకం వదల్లేదు.

2004 జనవరిలో మంగళ పడింది. రెండు దశాబ్దాలకు పైగా భారత నేలపై ఇంత పెద్ద చమురు నిక్షేపం బయటపడలేదు. ఆ ఏడాదే భాగ్యం, ఐశ్వర్య కూడా వరసకట్టాయి. క్షేత్రాలకు పెట్టిన పేర్లు చూడండి: మంగళ, భాగ్యం, ఐశ్వర్య, సరస్వతి, రాగేశ్వరి, కామేశ్వరి. స్కాట్లాండ్ కంపెనీ నోట ఇలవేల్పుల జాబితా! లండన్లో కెయిర్న్ షేరు ఎగబాకింది. 2004లోనే ఆ కంపెనీ బ్రిటన్ తొలి వంద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ-100లో చేరింది. గామెల్‌కు 2006లో సర్ బిరుదు వచ్చింది.

వేడి చేస్తేనే కదిలే నూనె

చమురు పడటం ఒక ఎత్తు, దాన్ని అమ్మడం ఇంకో ఎత్తు. బార్మేర్ ముడిచమురులో మైనం ఎక్కువ. బయటి వేడిమికి అది గడ్డకడుతుంది. మామూలు గొట్టంలో పంపితే దారిలోనే బిగుసుకుపోతుంది. అప్పట్లో ఆ జిల్లాలో రిఫైనరీ లేదు, దగ్గర్లో రేవు లేదు. చమురు కొనుగోలుకు ప్రభుత్వం మొదట మంగళూరు రిఫైనరీని నియమించింది. కానీ ఎడారిలో పుట్టే ఆ మైనపు చమురు అంతదూరం ఎలా వెళ్తుందన్నది ఏళ్ల తరబడి తేలలేదు.

చివరికి కంపెనీయే పూనుకుని గుజరాత్ తీరం దాకా సుమారు 670 కిలోమీటర్ల గొట్టం వేసింది. దానికి వేడి పోకుండా తొడుగు వేసి, దారి పొడవునా వేడిచేసే కేంద్రాలు పెట్టి, లోపలి చమురును 65 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆద్యంతం వేడిచేస్తూ ఉంచే గొట్టాల్లో ప్రపంచంలోనే పొడవైనదిగా దానికి పేరు. వేడికి, కరెంటుకు కావలసిన గ్యాసు అదే బ్లాకులోని రాగేశ్వరి నుంచి వచ్చింది. బావుల్లోకి ఎక్కించే నీటికి ఎడారి జనం తాగే నీళ్ల జోలికి పోకుండా తుంబ్లీ దగ్గరి ఉప్పునీటి పొరను వాడుకున్నారు.

2009 ఆగస్టు 29న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ మంగళ ఉత్పత్తిని ప్రారంభించారు. 2010 వేసవికి చమురు గొట్టంలో పారింది. ఆ తర్వాత నాలుగేళ్లలో రాజస్థాన్ ఉత్పత్తి రోజుకు రెండు లక్షల పీపాల స్థాయిని తాకింది. దేశంలో తీసే ముడిచమురులో అయిదో వంతుకు పైగా ఆ ఒక్క బ్లాకు నుంచే వచ్చేది.

ఈ పెట్టుబడికి డబ్బు కావాలి కాబట్టి గామెల్ భారతీయ ఆస్తులన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చాడు. 2006లో విదేశాల్లోని సంస్థల వాటాలను కొత్తగా పెట్టిన కెయిర్న్ ఇండియాకు బదిలీ చేసి, షేరు రూ.160 చొప్పున పబ్లిక్ ఇష్యూకు వెళ్లాడు. 2007 జనవరిలో లిస్టయిన రోజు షేరు ఇష్యూ ధర కంటే కిందే మొదలైంది. ఆనాడు అది సాధారణ వార్త. ఆ లోపలి బదిలీ మాత్రం ఏడేళ్ల తర్వాత పన్ను శాఖ కంట్లో పడబోతోంది.

బేరం కుదిరింది, షరతు అడ్డొచ్చింది

చమురు తీయడం మొదలైన ఏడాదికే గామెల్ ఎందుకు అమ్మేశాడు? ఆ కంపెనీ లెక్కలో అది సరైన సమయం. అనుమానాలన్నీ తీరాయి, విలువ పెరిగింది. ఇకపై కావలసింది కనుక్కునేవాడి తెగువ కంటే రోజూ నడిపేవాడి ఓపిక. అగర్వాల్‌కూ అదే కావాలి. అనుమానం లేని నిక్షేపం, ఏటా వచ్చే నగదు. షేరుకు రూ.355, ఆపై పోటీకి రానందుకు రూ.50 చొప్పున ఇస్తానన్నాడు.

ఇది రెండు కంపెనీల మధ్య షేర్ల అమ్మకమేననీ, బ్లాకుల ఒప్పందాలతో సంబంధం లేదనీ మొదట్లో వాదన వినిపించింది. కేంద్రం ఒప్పుకోలేదు. బ్లాకును నడిపే కంపెనీ యజమాని మారుతున్నప్పుడు అనుమతి తప్పదంది. అప్పుడు అందరూ 1995 ఒప్పందాన్ని మళ్లీ తెరిచారు. ఓఎన్‌జీసీ గొంతు పెంచింది. వాటా 30 శాతం ఉంటే రాయల్టీ 100 శాతం తానెందుకు కట్టాలంది. ముడిచమురుపై రాయల్టీ 20 శాతం. రోజుకు లక్షకు పైగా పీపాలు వస్తున్న చోట ఆ భారం చిన్నది కాదు. సెస్సు కట్టాల్సిన పని లేదంటూ కెయిర్న్ అప్పటికే మధ్యవర్తిత్వానికి వెళ్లింది కూడా.

2011 జనవరిలో పెట్రోలియం శాఖ పగ్గాలు ఓ తెలుగు నేత చేతికొచ్చాయి. ఆయనే ఎస్.జైపాల్‌రెడ్డి. అనుమతి ఇవ్వాలి, ఓఎన్‌జీసీకి అన్యాయం జరగకూడదు. ఇంత పెద్ద విదేశీ ఒప్పందాన్ని తొక్కిపెట్టారన్న మాటా రాకూడదు. వ్యవహారం మంత్రివర్గ ఉపసంఘం నుంచి ప్రణబ్ ముఖర్జీ నాయకత్వంలోని మంత్రుల బృందానికి, అక్కడి నుంచి తిరిగి ఉపసంఘానికి నడిచింది. 2011 జూన్ 30న రెండు షరతులతో ఆమోదం లభించింది. రాయల్టీని క్షేత్రం ఖర్చులో కలిపి ముందుగా మినహాయించాలి. సెస్సుపై కెయిర్న్ కేసు ఉపసంహరించుకోవాలి. మొదటి షరతుతో ఓఎన్‌జీసీ ఒక్కదాని మీద ఉన్న భారం అందరి వాటాల్లోకి చేరింది. కెయిర్న్ ఇండియా లాభానికి కోతపడింది. పోటీకి రానందుకు ఇస్తానన్న యాభై రూపాయలూ అప్పటికే బేరంలోంచి ఎగిరిపోయాయి. ఆ సెప్టెంబరులో వాటాదారులు షరతులకు ఒప్పుకున్నారు. డిసెంబరు నాటికి 59 శాతానికి దగ్గరగా వాటా వేదాంత చేతిలో ఉంది. ఖర్చు 867 కోట్ల డాలర్లు.

ఓఎన్‌జీసీ గెలిచింది. అయితే సంతకమైన ఒప్పందంలోని వాక్యాన్ని అనుమతి చేతిలో ఉన్నవాడు మార్పించుకోవచ్చన్న సంగతి కూడా ఆ రోజు లోకానికి తెలిసింది. ఏకపక్షమైన షరతును సరిదిద్దడం తప్పు కాదు. పదహారేళ్లు ఊరుకుని, యజమాని మారేటప్పుడు పట్టుకుని సరిదిద్దడమే బలహీనత.

గల్లాపెట్టె మీద కన్ను

వేదాంత చేతికి వచ్చాక కెయిర్న్ ఇండియా చమురు కన్నా నగదుతోనే ఎక్కువ వార్తల్లో నిలిచింది. అప్పుల్లేని కంపెనీ, నిండుగా డబ్బు. దాని యజమాని మీద మాత్రం అప్పుల కొండ. తొలి నుంచీ కంపెనీని నడిపిన రాహుల్ ధీర్ 2012లో వెళ్లిపోయాడు. 2014 జులైలో కెయిర్న్ ఇండియా వేదాంత గ్రూపులోని సంస్థకు 125 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చిన సంగతి బయటికొచ్చింది. చిన్న వాటాదారులు భగ్గుమన్నారు. షేరు గట్టిగా పడింది.

అంతలో ముడిచమురు ధర కుప్పకూలింది. వంద డాలర్లకు పైన ఉన్న పీపా 2016 జనవరికి ముప్పై లోపుకొచ్చింది. ధర పైనున్నప్పుడు కట్టిన విలువ నిలవలేదు. 2014-15 చివరి త్రైమాసికంలో వేదాంత తన పుస్తకాల్లో రూ.19 వేల కోట్లకు పైగా కొట్టివేసింది. అందులో అధిక భాగం కెయిర్న్ కొనుగోలుదే.

2015 జూన్‌లో కెయిర్న్ ఇండియాను గ్రూపులోని వేదాంత లిమిటెడ్‌లో కలిపేసే ప్రతిపాదన వచ్చింది. దాని నగదుతో గ్రూపు అప్పు తీర్చుకోవడానికేనని మార్కెట్ అనుకుంది. ఎల్‌ఐసీ, పాత యజమాని కెయిర్న్ ఎనర్జీ వంటి వాటాదారులు మెత్తబడలేదు. ఒక్కో షేరుకు వేదాంత షేరు ఒకటి, ప్రిఫరెన్సు షేరు ఒకటి అని మొదలైన బేరం, ఏడాది తర్వాత ప్రిఫరెన్సు షేర్లు నాలుగయ్యేదాకా సాగింది. 2017 ఏప్రిల్‌లో విలీనం పూర్తయింది. పదేళ్ల కిందట రూ.160కి జనం కొన్న కంపెనీ స్టాక్ మార్కెట్ పట్టికలోంచి మాయమైంది.

పాత బదిలీ, కొత్త పన్ను

అమ్మేసి వెళ్లిపోయిన గామెల్ కంపెనీకి ఇక్కడింకా లెక్క తేలలేదు. అమ్మగా వచ్చిన డబ్బులో 350 కోట్ల డాలర్లు తన వాటాదారులకు పంచేసి, కెయిర్న్ ఇండియాలో సుమారు పది శాతం వాటాను తర్వాత అమ్ముదామని అట్టేపెట్టుకుంది. 2014 జనవరిలో ఆదాయపు పన్ను శాఖ ఆ వాటాను కదలకుండా కట్టేసింది. కారణం 2006లో పబ్లిక్ ఇష్యూకు ముందు జరిగిన లోపలి బదిలీ.

దీని మూలం వొడాఫోన్ కేసులో ఉంది. విదేశాల్లో జరిగిన బదిలీ వెనక భారత ఆస్తి ఉన్నా ఇక్కడ పన్ను వేయలేరని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెండు నెలల్లోనే నాటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ చట్ట సవరణ ప్రతిపాదించారు. సవరణ వెనకటి లావాదేవీలకూ వర్తిస్తుందన్నారు. ఆ సవరణ కింద కెయిర్న్ ఎనర్జీ నుంచి అడిగిన పన్ను రూ.10,247 కోట్లు. ఆ పన్నును మినహాయించుకోలేదంటూ కెయిర్న్ ఇండియాకు ఇంకో రూ.20 వేల కోట్లకు పైగా తాఖీదు. పట్టుకున్న షేర్లను పన్ను శాఖ అమ్మేసింది. వాటి మీది డివిడెండు, రావలసిన పన్ను వాపసు కూడా జమకట్టుకుంది.

బ్రిటన్-భారత్ పెట్టుబడుల ఒప్పందం కింద కెయిర్న్ హేగ్‌లో మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2020 డిసెంబరులో ముగ్గురు సభ్యుల ట్రైబ్యునల్ ఏకగ్రీవంగా భారత్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ ముగ్గురిలో భారత్ నియమించిన సభ్యుడూ ఉన్నాడు. 120 కోట్ల డాలర్లు, పైన వడ్డీ, ఖర్చులు కట్టాలంది. కట్టకపోయేసరికి కెయిర్న్ విదేశాల్లో భారత ప్రభుత్వ ఆస్తుల వెంటపడింది. న్యూయార్క్‌లో ఎయిరిండియాపై దావా వేసింది. 2021 జులైలో పారిస్‌లోని ఇరవై భారత ప్రభుత్వ ఆస్తులపై అక్కడి కోర్టు ఆంక్షలు పెట్టిందన్న వార్త ఢిల్లీని కుదిపింది. మరుసటి నెలలోనే పార్లమెంటు ఆ వెనకటి పన్నును రద్దుచేసింది. వడ్డీ వదులుకుని, కేసులు వెనక్కి తీసుకున్నాక, 2022 ఫిబ్రవరిలో కెయిర్న్‌కు రూ.7,900 కోట్లు తిరిగి ముట్టాయి.

అప్పటికి ఆ కంపెనీ పేరు కెయిర్న్ కాదు, కాప్రికార్న్ ఎనర్జీ. భారతీయ వ్యాపారంతో పాటు పేరు కూడా వేదాంత వాడుకలోనే ఉండిపోయింది. అసలు కంపెనీ 2021 చివర్లో కొత్త పేరు పెట్టుకుంది. ఈలోగా అది గ్రీన్‌లాండ్ మంచులో కోట్ల డాలర్లు తవ్వి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. సెనెగల్ తీరంలో చమురు కనుక్కుని ఆ వాటానూ అమ్మేసింది. ఇంకో మంగళ మాత్రం దొరకలేదు.

కాలరేఖ

1987: కోనసీమ తీరంలో రవ్వను కనుగొన్న ఓఎన్‌జీసీ
1994: రవ్వ ఉత్పత్తి పంపక ఒప్పందం
1995: షెల్‌తో బార్మేర్ ఒప్పందం
1996: కమాండ్ పెట్రోలియంను కొన్న కెయిర్న్
2002: బార్మేర్‌లో షెల్ చివరి సగం వాటా కెయిర్న్‌కు
2004: మంగళ నిక్షేపం
2006-07: కెయిర్న్ ఇండియా పబ్లిక్ ఇష్యూ, లిస్టింగ్
2009: బార్మేర్‌లో ఉత్పత్తి ఆరంభం
2010-11: వేదాంత కొనుగోలు
2014: పన్ను శాఖ నోటీసు
2017: వేదాంతలో విలీనం
2020: హేగ్ తీర్పు
2021: వెనకటి పన్ను రద్దు
2022: రూ.7,900 కోట్లు వాపసు

ఎవరికెంత మిగిలింది?

కథంతా చూశాక లెక్క వేయడం తేలిక కాదు. ఎడిన్‌బరో వాటాదారులు బాగుపడ్డారు. వేదాంత కొన్న విలువలో చాలా భాగం కొట్టివేయాల్సి వచ్చినా, కెయిర్న్ నగదు అప్పుల కాలంలో దాన్ని ఆదుకుంది. ఓఎన్‌జీసీ అడిగింది సాధించుకుంది. రాజస్థాన్‌కు ఏటా రాయల్టీ అందింది, నాటి బార్మేర్ జిల్లా పచ్‌పద్రాలో హెచ్‌పీసీఎల్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి రిఫైనరీకి పూనుకున్నాయి. దానికి 2013లో ఒకసారి, 2018లో మరోసారి రెండు వేర్వేరు ప్రభుత్వాలు పునాది వేశాయి. చట్టాన్ని వెనక్కి తిప్పి పన్ను వేయబోయిన కేంద్రానికి మాత్రం డబ్బూ దక్కలేదు, మాటా దక్కలేదు.

బావులు కూడా ముసలివవుతున్నాయి. మంగళలో 2014 నుంచి నీళ్లలో పాలిమర్ కలిపి నేల కిందికి ఎక్కిస్తూ, రాతి సందుల్లో చిక్కుకున్న చమురును బయటికి నెట్టే పని పెద్దయెత్తున నడుస్తోంది. అయినా ఉత్పత్తి ఒకప్పటి శిఖరం నుంచి బాగా దిగింది. బార్మేర్ ఒప్పందం 2020 మేలో ముగిసింది. లాభంలో ప్రభుత్వ వాటా మరో పది శాతం పెంచే షరతుతో 2030 దాకా పొడిగించారు. అదీ తగువు లేకుండా జరగలేదు. చివరి సంతకాలు 2022లో పడ్డాయి. రవ్వ గడువు కూడా 2019లో పదేళ్లు పొడిగింది.

వెనకటి అనుభవం కొంత పనిచేసింది. 2016 నుంచి కొత్త బ్లాకుల్లో ఖర్చు మినహాయింపు లేదు, వచ్చిన రాబడిలోనే వాటా. ఏది ఖర్చు అన్న తగువుకు అందులో చోటు తగ్గింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన చమురు క్షేత్రాల చట్ట సవరణ, లీజు నడుస్తున్న కాలంలో లీజుదారుకు నష్టం కలిగేలా షరతులు మార్చకూడదంటోంది. మంచిదే. అయితే ఆ హామీకి ఇంకో ముఖం ఉంది. షరతులు మార్చలేనప్పుడు, మొదట రాసేవాళ్లే జాగ్రత్తగా రాయాలి. 1995లో పడని చమురు గదా అని అలవోకగా రాసిన రాయల్టీ వాక్యం లాంటిది రేపు ఏ కేజీ లోతుజలాల ఒప్పందంలోనో దొర్లితే, దాన్ని సరిదిద్దే దారి కూడా మూసుకుపోయి ఉంటుంది.

రవ్వ గడువు ముందు, బార్మేర్ గడువు ఆ వెనకే ముంచుకొస్తున్నాయి. ముసలి బావుల్లో మిగిలినది తీయడానికి ఎవరు పెట్టుబడి పెట్టాలి, క్షేత్రం మూసేటప్పుడు గొట్టాలు, వేదికలు తొలగించే ఖర్చు ఎవరిది, తీరంలో ఊళ్లకు మిగిలేదేమిటి? ఈసారి బేరగాళ్లు తలుపు తట్టకముందే ఈ ప్రశ్నలకు జవాబులు ఒప్పందంలో ఉండాలి.